చెయ్యి వదలాల్సిన చోట

మార్చి మూడో ఆదివారం పేపర్లో మా అన్న నరహరి పేరు ఐదుసార్లు వచ్చింది. తార్నాక చౌరస్తాలో టీ కొట్టు ముందు నిలబడి అన్న ఆ పేజీ చదువుతుంటే, నేను పక్కనుంచి తొంగి చూస్తూ చదివాను. అన్న టీ చల్లారిపోయింది.

రాసింది వేదవతి గారు. ఈ ఊళ్ళో నాటకం వేసే ప్రతివాళ్ళూ ఆమె కాలమ్ కోసం ఎదురుచూస్తారు. పన్నెండేళ్ళలో అన్న తొమ్మిది నాటకాలు చేశాడు. ఒక్కదాని గురించి కూడా ఆమె ఒక్క వాక్యం రాయలేదు. ఈసారి అర పేజీ రాసింది.

"‘పైకి పంపు’ నాటకంలో దర్శకుడు నరహరి పెద్ద సాహసం చేశాడు. కడుతున్న అపార్ట్‌మెంట్లో లిఫ్టు గుంతలో పడి చనిపోబోయే కుర్రవాడు ఆఖరి అడుగు వేయబోతుండగా, ప్రేక్షకుల మొదటి వరుసలోంచి ఒక తల్లి లేచి, వేదిక ఎక్కి, అతని చెయ్యి పట్టుకుంటుంది. ఆమె మాట్లాడదు. ఏడవదు. ఒకటిన్నర నిమిషం నాటకం ఆగిపోతుంది. ఆ చావును ఆపాలని మనందరికీ ఉన్న కోరికను ఒక్క చేతిలో పెట్టి చూపించాడు దర్శకుడు. ఇంత సంయమనం మన వేదిక మీద చూసి చాలా ఏళ్ళయింది. ఆ తల్లి పాత్ర వేసిన స్త్రీ పేరు కరపత్రంలో లేదు. అది కూడా దర్శకుడి ఆలోచనే కావచ్చు."

కరపత్రంలో పేరు లేదు, ఎందుకంటే ఆమె పాత్ర వేయలేదు. ఆమె మా అమ్మ లచ్చవ్వ. లిఫ్టు గుంతలో పడి చనిపోయినవాడు మా తమ్ముడు సాకేత్. హబ్సిగూడలో ఒక సందులో కడుతున్న అపార్ట్‌మెంట్లో, అంతకు ముందు ఏప్రిల్లో. వాడికి ఇరవై రెండేళ్ళు.

అన్న యూనివర్సిటీలో నాటకం చెప్పే కాంట్రాక్టు టీచరు. ఆ నాటకం సాకేత్ గురించేనని అమ్మకు చెప్పలేదు. "కూలోళ్ళ మీద నాటకం" అని మాత్రం అన్నాడు. అమ్మ లేడీస్ హాస్టల్ మెస్‌లో చపాతీలు చేస్తుంది. అన్న నాటకాలకు ఎప్పుడూ వచ్చేది కాదు, కాబట్టి మాకు భయం లేకపోయింది. ఆ సాయంత్రం మెస్‌లో తినే అమ్మాయిలే "మీ కొడుకు నాటకమట గదా, రా అమ్మా" అని వెంటబెట్టుకుని వచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టారు. నేను వేదిక పక్కన, తెర చాటున సౌండ్ చూస్తున్నాను. లైట్లు పడ్డాక గాని అమ్మను చూడలేదు.

సాకేత్ వేషం వేసింది దిలీప్ అనే విద్యార్థి. వాడు బాటిల్ ఎత్తి, పెదవులకు తగలకుండా నీళ్ళు తాగేవాడు, సాకేత్ లాగే. అది అన్న నేర్పించాడు. వేదిక మధ్యలో సుద్దముక్కతో గీసిన చదరం ఉంటుంది. అదే లిఫ్టు గుంత. పైనుంచి మేస్త్రీ గొంతు "పైకి పంపు" అని అరుస్తుంది, దిలీప్ చదరంలోకి అడుగు వేస్తాడు, లైటు ఆరిపోతుంది. అంతే నాటకం.

దిలీప్ చదరం దగ్గరకు రాగానే అమ్మ లేచింది. పక్కనున్న మెట్ల మీదుగా ఎక్కి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. దిలీప్ అదిరిపడ్డాడు కానీ కదల్లేదు. అన్న అవతలి తెర దగ్గర బిగుసుకుపోయాడు. ఏం చేయాలో తోచక చేతికి దొరికిన బటన్ నొక్కాను. ఇనుప రాడ్డు మీద సుత్తి దెబ్బ చప్పుడు వచ్చింది. అమ్మ ఉలిక్కిపడింది. పట్టు సడలింది. దిలీప్ చదరంలోకి అడుగు వేశాడు. చీకట్లో నేను పరుగెత్తి అమ్మను లోపలికి తెచ్చుకున్నాను. బయట చప్పట్లు చాలాసేపు మోగాయి.

పేపరు మడిచి సంచిలో పెట్టుకుంటూ అన్న అన్నాడు, "ఆమెకు ఫోన్ చేసి చెప్పాలె గదా, గా సీను నేను పెట్టింది కాదని."

"చెప్పు అన్నా."

"చెప్త," అన్నాడు.

చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే వాళ్ళ విభాగంలో పెద్దాయన పరశురాం సార్ పిలిపించాడు. ఏప్రిల్ చివర్లో ఒక జాతీయ నాటకోత్సవం వాళ్ళు నాటకాలు ఎంపిక చేయడానికి హైదరాబాద్ వస్తున్నారు. "నీ పేరు ఇచ్చిన నరహరీ. ఆ తల్లి సీనే వాళ్ళకు చూపియ్యాలె. అది లేకుంటే ఏమున్నది ఆ నాటకంల? ఎంపికైతే జూన్లో నీ కాంట్రాక్టు ఫైలు నేనే పట్టుకపోయి సంతకం పెట్టిపిస్త," అన్నాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు అన్న నా ముఖం చూడలేదు. అన్నకు ముప్పై ఆరేళ్ళు. కుర్రప్పుడు తనతో పాటు నాటకాలు వేసినవాళ్ళు సినిమాల్లో, టీవీల్లో కుదురుకున్నారు. ఏడాదికోసారి వచ్చే ఆర్డరు కాగితం తప్ప అన్నకు ఏమీ లేదు.

మేముండేది మాణికేశ్వర్ నగర్‌లో, క్యాంపస్ గోడను ఆనుకునే. అన్న అడిగినప్పుడు అమ్మ చింతచిగురు ఏరుతోంది.

"అమ్మా, ఆ దినం స్టేజీ మీదికి వచ్చినవ్ గదా. గట్లనే ఇంకోసారి వస్తవా?"

అమ్మ చెయ్యి ఆగింది. "నేను నీ ఆట ఖరాబు చేసిన గద కొడుకా."

"లేదమ్మా. మంచిగైంది. పేపర్ల రాసిండ్రు."

అమ్మకు ఆ మాట అర్థమైందో లేదో తెలియదు. చాలాసేపు చింతచిగురు ఏరింది. తర్వాత అడిగింది.

"ఆ పోరడు మళ్ళ వస్తడా?"

"ఏ పోరడు?"

"నీళ్ళు తాగే పోరడు."

"దిలీపా? వస్తడు. ప్రతి షోకు వాడే చేస్తడు."

"అయితే వస్త," అంది అమ్మ.

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. అప్పుడే వద్దనాల్సింది. అనలేదు. ఆ ఎండాకాలమంతా నేను చేసింది అదే, అనాల్సినప్పుడు అనకపోవడం.

రిహార్సల్ పాత ఆడిటోరియంలో పెట్టారు. పగటి పూట, ఫ్యాన్లు తిరగని హాల్లో. అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఎప్పుడు లేవాలో, ఏ మెట్టు ఎక్కాలో అన్న చూపించాడు. అవన్నీ అమ్మ ఇట్టే నేర్చుకుంది. దిలీప్ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఇట్లనే ఉండమ్మా. ఇగ ప్రవళిక సుత్తి సప్పుడు పెడ్తది. అది ఇనంగనే నువ్వు చెయ్యి ఇడిసిపెట్టాలె."

"ఇడ్వాల్నా?"

"ఇడ్వాలె అమ్మా. నువ్వు ఇడ్వకుంటే వాడు పోడు. వాడు పోకుంటే నాటకం ఖతం గాదు."

దిలీప్ తల దించుకున్నాడు. అమ్మ అన్న వైపు చూసింది, తర్వాత సౌండ్ దగ్గర కూర్చున్న నా వైపు చూసింది. నేను బటన్ నొక్కాను. అమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది.

"ఒకేసారి ఇడువు అమ్మా," అన్నాడు అన్న. "మల్లొక్కసారి."

ఆ రోజు పదకొండుసార్లు చేయించాడు.

రెండో ప్రదర్శన క్యాంపస్‌లోనే జరిగింది. హాలు నిండి బయట కూడా నిలబడ్డారు. మూడోది మెట్టుగూడలో, రైల్వే ఉద్యోగుల హాల్లో. రెండుసార్లూ అమ్మ సరిగ్గా సమయానికి లేచింది, సరిగ్గా సమయానికి వదిలింది. మెట్టుగూడలో ఆట అయ్యాక ఒక పెద్దాయన భార్యను తీసుకొచ్చి, "మస్తు చేసినవమ్మా, ఎన్నేండ్లసంది చేస్తున్నవ్?" అని అడిగాడు. అమ్మ అతనికి దండం పెట్టింది. తిరిగి వస్తూ ఆటోలో నన్ను అడిగింది.

"నేను బాగనే చేసిన్నా?"

నేను ఆటో బయటికి చూశాను. "బాగనే చేసిన్నా బిడ్డా?" అని మళ్ళీ అడిగింది. "అన్నకు పేరొస్తదా?"

"వస్తది," అన్నాను.

ఏప్రిల్ రెండో వారంలో మెస్ నుంచి రాజశ్రీ వార్డెన్ ఫోన్ చేసింది. వెళ్ళేసరికి అమ్మ కుడి పాదానికి తడిగుడ్డ చుట్టి కూర్చోబెట్టారు. వెనక ఎవరో గంటె కింద పడేశారట. ఆ చప్పుడుకు అమ్మ చేతిలో ఉన్న కాలిన పెనం వదిలేసిందట. "చెయ్యి జారిందా అమ్మా అంటే లేదంటది, ఇడిసిపెట్టిన అంటది. ఏమైంది ఈమెకు?" అని అడిగింది వార్డెన్. అమ్మ నా వైపు చూసి, తప్పు చేసినదానిలా తల దించుకుంది. "సప్పుడైంది గద," అంది.

ఆ సాయంత్రం అన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక్కడే కూర్చుని నాటకోత్సవం వాళ్ళకు పంపాల్సిన కాగితం రాస్తున్నాడు. దర్శకుడి మాట అని పైన రాసి ఉంది. కింద ఇంకా ఏమీ లేదు.

"అన్నా, ఇగ బంద్ జెయ్యి. అమ్మ కాలు కాలింది."

"తెలుసు. వార్డెన్ మేడం నాకు గూడ చేసింది."

"మరి?"

"ఒక్కటే షో ప్రవళికా. ఇరవై ఆరో తారీకు. తర్వాత అమ్మను తీసుకరాను. ఎంపికైతే వేరే ఎవరితోనన్న చేయిస్త."

"వేరే ఎవరితోనైనా ఇప్పుడే చేయించు."

"చేయించిన. ఇద్దరు అమ్మాయిలతో చేయించి చూసిన," అన్నాడు. "రాదు. అమ్మ లెక్క ఎవరికీ రాదు."

ఆ మాట అన్నాక తనకే భయమేసినట్టుంది. కాగితం మడిచాడు. నాకు కోపం ఆగలేదు.

"ఆ పొద్దటి మాట నాటకంల ఎందుకు పెట్టలే?" అన్నాను.

"ఏ మాట?"

"నీకు తెల్వదా?"

ఏడాదిగా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. సాకేత్‌కు ఆ పని అన్నే చూసిపెట్టాడు, తెలిసిన మేస్త్రీకి చెప్పి. చేరిన మూడో రోజు పొద్దున వాడు లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. "కండ్లు తిరుగుతున్నయ్ అన్నా, ఇయ్యాల పోను," అన్నాడు. "మూడో దినమే డుమ్మా కొడితే ఆ మనిషికి నేను ముఖమెట్ల చూపియ్యాలె? లే," అన్నాడు అన్న, దుప్పటి లాగేసి. వాడు లేచి, గోడ పట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. అన్న చెబితే వాడు ఎన్నడూ కాదనలేదు. అమ్మ అప్పుడు నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు కూడా ఏమీ అనలేదు. పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది.

"పెట్టలేకపోయిన," అన్నాడు అన్న చివరికి. "నాలుగుసార్లు రాసిన. నాలుగుసార్లు చింపేసిన. చెల్లె, నన్ను ఈ ఒక్క షో చెయ్యనియ్యి. గిది గూడ పోతే నాకేం మిగుల్తది?"

మా అన్న అట్లా బతిమాలడం అంతకు ముందెప్పుడూ వినలేదు. లేచి వచ్చేశాను.

ఇరవై ఆరున ఎంపిక చేసేవాళ్ళు నలుగురు వచ్చారు. పరశురాం సార్ వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. వాళ్ళ వెనక వరుసలో వేదవతి గారు ఉన్నారు, ఒళ్ళో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని. అమ్మ కట్టు కట్టిన కాలుతో మొదటి వరుసలో తన కుర్చీలో కూర్చుంది.

నాటకం ఎప్పటిలా సాగింది. దిలీప్ నీళ్ళు తాగాడు. పైనుంచి మేస్త్రీ పిలిచాడు. అమ్మ లేచి, కుంటుతూ మెట్లెక్కి, దిలీప్ చెయ్యి పట్టుకుంది. నేను ఒకటిన్నర నిమిషం చూసి బటన్ నొక్కాను.

అమ్మ వదల్లేదు.

నేను మళ్ళీ నొక్కాను. అమ్మ భుజాలు ఉలిక్కిపడ్డాయి, కానీ ఈసారి రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది. దిలీప్ కళ్ళనిండా నీళ్ళు. నా వేలు బటన్ మీదే ఉంది, ఇంక నొక్కలేకపోయాను. అవతలి తెర దగ్గర అన్న చేత్తో సైగ చేస్తున్నాడు, వదలమని. అమ్మ ఆ సైగ చూసింది. అన్నను చేత్తోనే రమ్మని పిలిచింది. ముందు వరుసలో ఎవరో దగ్గారు. అన్న వేదిక మీదికి వచ్చాడు.

అమ్మ మెల్లగా మాట్లాడింది. నాకు వినబడింది. హాల్లో సగం మందికి వినబడి ఉండదు.

"నేను పట్టుకుంటె ఆగుతలేడు కొడుకా. ఎన్నిసార్లు పట్టుకున్నా పోతుండు. నువ్వు చెప్పు. నీ మాటైతే ఇంటడు."

అన్న అమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దిలీప్ వైపు తిరిగి, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"జరమున్నది గదరా," అన్నాడు. "ఒళ్ళు కాలుతున్నది. ఇయ్యాల పోకు. పండుకో. మేస్త్రీకి నేను చెప్పుకుంట."

"సరే అన్నా," అన్నాడు దిలీప్. ఆ పిల్లవాడికి ఆ మాట ఎట్లా తోచిందో, ఇప్పటికీ నాకు తెలియదు. అక్కడే, చదరం ఇవతల కూర్చుండిపోయాడు. అమ్మ పక్కనే కూలబడి వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. అన్న నిలబడే ఏడ్చాడు, చేతులు వేలాడేసి, ముఖం కప్పుకోకుండా.

లైట్లు ఆర్పమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆర్పలేదు. నాటకం అయిపోయిందో లేదో జనానికి అర్థం కాలేదు. కొందరు చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. జ్వరం సంగతి నాటకంలో ఎక్కడా లేదు మరి. ఎంపిక చేసేవాళ్ళలో ఒకాయన పరశురాం సార్ చెవిలో ఏదో అడిగాడు. సార్ భుజాలు ఎగరేశాడు. కాసేపటికి కుర్చీల చప్పుడు మొదలైంది.

ఇంటికి నడిచే వచ్చాము, క్యాంపస్ లోపలి దారిన, అమ్మను ఇద్దరం చెరో పక్క పట్టుకుని. దారిలో అన్న ఆగాడు.

"నీకు ఎర్కేనా అమ్మా?"

"బిందె పట్టుకొని గడపల్నే ఉంటి," అంది అమ్మ. "నువ్వు దుప్పటి గుంజినప్పుడు."

"మరి ఏడాదిసంది ఒక్క మాట అనలేదేందమ్మా?"

"అంటే నువ్వు బతుకుతుంటివా?"

అన్న మళ్ళీ నడిచాడు. మేమూ నడిచాము.

నాటకోత్సవం జాబితాలో మా పేరు రాలేదు. మే చివర్లో అన్న కాంట్రాక్టు ముగిసింది. కొత్త కాగితం రాలేదు. పరశురాం సార్ ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మ కాలు మానింది కానీ పెనం ముందు నిలబడలేనంది. మెస్‌లో కూరగాయలు తరిగే పనిలోకి మారింది. ఇల్లు ఎట్లా గడుస్తుందో మాకు తెలియలేదు. నేను చదువు ఆపి హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో రిసెప్షన్‌లో చేరాను.

వేదవతి గారి రెండో సమీక్ష మే మొదటి ఆదివారమే వచ్చింది. ఆరు వాక్యాలు. మొదటి ప్రదర్శనలోని నిగ్రహం మాయమైందని, నాటకం నిర్మాణం కూలిపోయిందని, దర్శకుడే వేదికెక్కి కన్నీళ్ళు పెట్టుకోవడం చౌకబారుగా ఉందని రాసింది. పొగడ్తకు పొంగిపోయి తన మంచి సీనును తానే చెడగొట్టుకున్న దర్శకుడని ముగించింది.

అన్న దాన్ని అమ్మకు చదివి వినిపించాడు. అక్షరం విడవకుండా.

"బాగలేదనా రాసింది?" అంది అమ్మ.

"అవ్ అమ్మా."

"గట్లనా," అని అమ్మ మెస్‌కు బయలుదేరింది.

మరుసటి రోజు వేదవతి గారే ఫోన్ చేసింది. అన్న స్పీకర్ పెట్టాడు. కఠినంగా రాసినందుకు బాధపడుతున్నానంది. అయినా తనకు ఒక్క విషయం అర్థం కావడం లేదంది. "అంత గొప్ప సీను చేశారు. తల్లి చెయ్యి పట్టుకోవడం, వదిలేయడం. అంత గొప్పగా చేసినవారు, దాన్ని ఎందుకు మార్చుకున్నారు నరహరి గారూ?"

అన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

"మేడం," అన్నాడు. "మొదటిది నేను చేసింది కాదు. మీరు బాగలేదని రాసిండ్రే, గదే నేను చేసిన."

అన్న ఫోన్ పెట్టేసి, అమ్మ మెస్ నుంచి వచ్చే వేళైందని, చెప్పులు వేసుకుని ఎదురు వెళ్ళాడు.